నాకు మిగలని కూర

మొన్న పొద్దున్న మా కోడలు ఫోన్లో వార్త చదివి వినిపించింది. ఎక్కడో ఒకావిడ పుట్టగొడుగుల కూర వండిందట, తిన్నవాళ్లు పోయారట, ఆవిడకి మాత్రం ఏమీ కాలేదట. "తను తినలేదంటే తెలిసే పెట్టినట్టు కదత్తయ్యా" అని బెండకాయలు తరుగుతూనే తీర్పు చెప్పేసింది. నేను తాగుతున్న టీ పక్కన పెట్టేశాను.

ద్రాక్షారామం దగ్గర మా పల్లెలో తొలకరి పడిందంటే మా ఆయన కాలు ఇంట్లో నిలిచేది కాదు. కొబ్బరితోటలన్నీ తిరిగి పుట్టగొడుగులు తువ్వాలులో మూటగట్టుకొచ్చేవాడు, పులస చేప పట్టినవాడి మల్లే ముఖం పెట్టుకుని. మా పిల్లాడు చిన్నవాడుగా ఉన్న ఏడాదీ అలాగే తెచ్చాడు. ఏరింది ఆయన, కడిగింది మా అత్త, ఉల్లిపాయలు వేసి వండింది నేను. మధ్యాహ్నం "ఇంకొంచెం వెయ్యవే" అంటూ ఆయనే గిన్నె ఖాళీ చేశాడు. అత్త రెండు ముక్కలు నంజుకుంది. నేను పిల్లాడికి పప్పన్నం పెట్టి, చివర్న గోంగూర పచ్చడితో, మజ్జిగతో నా అన్నం తిన్నాను. అందులో వింతేమీ లేదు, నా భోజనం రోజూ అంతే. చీకటి పడేసరికి ఇద్దరికీ వాంతులు. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళితే ఆయన తిరిగి రాలేదు.

అత్త ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే మా ఆడపడుచు వచ్చి నన్ను వాకిట్లో నిలబెట్టింది. "అందరూ తిన్న కూర నువ్వెందుకు తినలేదే?" మిగల్లేదన్నాను. ఉన్న నిజం అంతే. మనిషి పోయిన ఇంట్లో అది ఎంత చిన్న మాటో, నా చెవులకే అబద్ధంలా వినిపించింది. పోలీసాయనా అదే అడిగాడు. "మిగల్లేదండి" అంటే నమ్మినట్టు లేడు. నేను కలిపిన ముద్ద పిల్లాడి నోటిదాకా రానివ్వలేదు ఆడపడుచు. "వీణ్ణి నేను తీసుకెళ్లి పెంచుకుంటాను" అని చంకనేసుకుంది.

ఆవిడ బయల్దేరేలోగా అత్త ఆసుపత్రి నుంచి వచ్చి ఆటో దిగింది, తాటాకులా ఎండిపోయి. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి, అరుగు మీద కూలబడి, నన్ను జావ కాయమంది. గ్లాసు అందిస్తుంటే "అమ్మా, తాగకే" అని కూతురు చెయ్యి పట్టుకుంది. అత్త విదిలించుకుంది. "దీనికి ఏనాడు కూర మిగిల్చామే మనం? నాకు మాత్రం మా అత్త ఏనాడు మిగిల్చింది? ఆ పోలీసాయన్ని రమ్మను, ఈ మాటే చెప్తాను." అడుగుదాకా తాగి, పిల్లాణ్ణి తీసి నా ఒళ్లో వేసింది.

ఇదంతా చెప్పాక కోడలు కత్తిపీట మీంచి లేచింది. "అయితే ఆ వార్తలో ఆవిడ తప్పేం లేదంటారా?" నాకేం తెలుసే. తినలేదేం అని అడిగేముందు, మిగిలిందా అని కూడా అడగమంటున్నాను.

ఆనాటి పిల్లాడికి ఇప్పుడు తల నెరిసింది. మేమంతా కలిసే తింటాం, కూర ముందు నా కంచంలోనే వేస్తాడు. ఇన్నేళ్లు గడిచినా, ఖాళీ గిన్నె అడుగు కనబడితే "మిగల్లేదండి" అనే మాట నా నోటికి దానంతటదే వస్తుంది.