నాయన ఎంచిన పాల సొర

మా నాయన సముద్రం చూసింది ఒకే ఒక్కసారి. అదీ నా పాల కోసం. బతికున్నన్నాళ్ళూ గొర్రెల సంతలో ఎవరు దొరికినా కూర్చోబెట్టి ఆ కథ చెప్పేవాడు. ఇప్పుడు చెప్పేవాడు లేడు కాబట్టి నేను చెబుతున్నాను.

నా కూతురు హిందూపురం ఆసుపత్రిలో పుట్టింది. మూడు వారాలైనా నాకు పాలు పడలేదు. డాక్టరమ్మ డబ్బా పాలు పట్టమంది, నిదానంగా పడతాయిలే అని ధైర్యం చెప్పింది. పెనుకొండ పక్కన మా పల్లెకు వచ్చాక, చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడమనిషిదీ ఒకటే ప్రశ్న: "ఏమ్మే, పాలు పడినాయా?" నాకు ఒళ్ళు మండిపోయేది. పాప ఏడిస్తే మా అవ్వ చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. మా అమ్మ ఉంటే ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చేదాన్నేమో. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

ఆసుపత్రిలో నా పక్క మంచం మీది ఆమెది బందరు. ఆమె భర్తకు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆమే ఫోన్ చేసి చెప్పింది: "మా వైపు బాలింతలకి పాల సొర వండి పెడతామండీ. చిన్న రకం సొరచేప. పాలు బాగా పడతాయి."

నాయన గొర్రెలు కాసే మనిషి. చేప వాసనొస్తే పంచ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. అలాంటివాడు మర్నాడు పొద్దున్నే హిందూపురం చేపల మార్కెట్‌కు పోయాడు. అక్కడ ఐసులో సొర ముక్కలున్నాయి గానీ తలల్లేవు.

"తల చూడకుండా ఎట్ల కొనేది? గొర్రెనైనా నోరు తెరిచి పండ్లు చూసి కదా కొంటాము!" అంటూ వట్టి చేతులతో వచ్చాడు. ఆ సాయంత్రమే ధర్మవరం పోయి బందరు రైలెక్కాడు. అక్కడ ఆ పక్క మంచం ఆమె అన్నకు పడవ ఉంది.

మర్నాడు పొద్దున బందరు నుంచి వీడియో కాల్ వచ్చింది. పడవ ఒడ్డుకు చేరింది, వల దులిపారు. అన్నీ మూరెడేసి సొరలు. నాకైతే అన్నీ ఒకటే.

ఆ అన్న ఓపిగ్గా ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తున్నాడు. "రెక్కల కొసలకి నలుపుంటే పాల సొర కాదు బాబాయ్. తల అడ్డంగా సుత్తిలా ఉందా, అది కొమ్ము సొర. మూతి పారలా చదునుగా ఉన్నదీ కాదు. ఇదిగో, మూతి పొడుగ్గా ఉండి, నోటి మూలల్లో మడత ఉండి, ఒంటి మీద మచ్చల్లేకుండా పొట్ట తెల్లగా ఉంటే అదీ పాల సొర."

నాయన దాన్ని అందుకుని, వెల్లకిలా తిప్పి, కింద పరీక్షగా చూసి పక్కన పడేశాడు. ఇంకొకటిచ్చారు. అదీ పడేశాడు.

"ఏంటి బాబాయ్, అది పాల సొరేగా!"

"మగదప్పా ఇది! కింద రెండు యాలాడతాండాయి చూడు. మగది పాలెట్ల తెప్పిస్తాది? నలభై ఏండ్లు గొర్రెలు కాసినోనికి చెప్తాండావా?"

చివరికి ఒక ఆడదాన్ని పట్టుకున్నాడు. పొట్ట నిమిరి, "ఇది సూడిది, కడుపులో పిల్లలుండాయి, మంచిది" అన్నాడు. మళ్ళీ తిప్పాడు. తోక దాకా తడిమాడు. మొహం వేలాడేసుకుని ఫోన్ వైపు తిరిగాడు.

"అమ్మా, దీనికి పొదుగు కానరాలేదే. ఏం జేద్దాం?"

ఆ అన్న నవ్వలేక పొట్ట పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. నాకూ నవ్వు ఆగలేదు. పాప పుట్టినప్పటి నుంచి నేను నవ్వింది లేదు. కుట్లు నొప్పి పెడుతున్నా కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వి నవ్వి, ఫోన్ పెట్టేసి చూసుకుంటే రవిక తడిసి ఉంది. అవ్వ పరుగున వచ్చి పాపను నా ఒళ్ళో పెట్టింది. పాప గుటకలు వేస్తుంటే అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నాయనకు చెప్పొద్దని అవ్వకు సైగ చేశాను. వచ్చాక ఆటపట్టించాలని నా ఆశ.

ఐసు పెట్టెలో మూడు ఆడ సొరలతో వచ్చాడు. వాటిని అవ్వ వంటింట్లోకి రానివ్వలేదు. గొర్రెల దొడ్డి పక్కన మూడు రాళ్ళు పెట్టి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఉడికించి, తోలు గీకి, ఎర్రగడ్డలూ తెల్లగడ్డలూ వేసి తానే వేయించాడు. ఆ రాత్రి తిన్నాను. తెల్లారి పాప పెదాల మూల పాలు కనిపించేసరికి నాయన అక్కడే చతికిలబడ్డాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నీకు ముందర ఒక మగపిల్లోడు పుట్టినాడమ్మా" అన్నాడు. "మీయమ్మకు పాలు పళ్ళేదు. గొర్రె పాలు పోస్తిమి, వానికి సరిపళ్ళేదు. పద్దెనిమిది దినాలు ఉండె. ఈ సొర సంగతి అప్పుడు మాకెవురూ చెప్పలేదు."

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. పాప తలమీద చెయ్యేశాను.

"నీ సొరతోనే పడినాయి నాయనా" అన్నాను. "ఇంకేమన్నా మిగిలుంటే పెట్టు, తింటా."