రామలింగం కట్టుకున్న నిద్ర సెట్టు

లాడ్ బజార్‌లో గాజులమ్మే రామలింగానికి దుకాణంలోని గద్దె అంటే ప్రాణం. తండ్రి తర్వాత తనకు దక్కిన, యజమాని కూర్చునే పరుపు అది. రాత్రుళ్లు కన్ను మూతపడక, పగలు దాని మీదే కునుకు తీయడం మొదలుపెట్టాడు. మొన్న ఒక పెళ్లికూతురికి లక్కగాజు సగం ఎక్కించి, ఆమె చెయ్యి పట్టుకునే గురక పెట్టాడు. పెళ్లివారు దుకాణం దద్దరిల్లేలా లొల్లి చేశారు.

భార్య విమలాదేవి తీర్పు చెప్పింది. "ఇంకోసారి గద్దె మీద పండుకున్నవంటే అల్లుడు దీక్షిత్ కూసుంటడు. నువ్వు ఇంట్ల కూసో."

ఆ భయమే అతణ్ణి మొఘల్‌పురాలోని కృపాకర్ మందుల దుకాణానికి నడిపించింది.

"నిద్రకు మంచి మాల్ చూపియ్ భాయ్."

కృపాకర్ నాలుగు రకాలు ముందు పెట్టాడు. "మెలటోనిన్, నిద్ర వేళ తప్పినోళ్లకు కొద్దిగ పనికొస్తది. మెగ్నీషియం, ఒంట్ల తక్కువుంటేనే. అశ్వగంధ మీద జరిగినయన్నీ చిన్న చిన్న పరీక్షలే. థైరాయిడ్ గోళీ ఏసుకునేటోళ్లు డాక్టర్‌ను అడగాలె. ఇగ ఈ జలుబు గోళీ మత్తు తెస్తది గని, పొద్దెక్కినా దిగదు. ఏసుకుంటే ఒక్కటే ఏసుకో సేఠ్. ముందుగాల పగటి నిద్ర బంద్ చెయ్."

"పగలు నేనేడ పండుకుంట? కండ్లు మూసుకుంట, గంతే."

"గురక గూడ కండ్లతోనే పెడ్తవా?"

గాజుల వ్యాపారికి ఒక్కటే వస్తువు కంటికి ఆనదు. ఎర్రది, పచ్చది, బంగారు అంచుది కలిస్తేనే సెట్టు. అందువల్ల మెలటోనిన్ అక్కడ కొని, మిగిలిన మూడూ కృపాకర్‌కు తెలియకుండా పురానాపూల్‌లో కొన్నాడు. భోజనమయ్యాక రంగు చూసి రంగు పక్కన పేర్చి, అన్నీ మింగేశాడు.

నిద్ర పట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే దేనివల్ల పట్టిందో తేల్చే దారిని అతనే మూసేశాడు. అనుమానం మాత్రం జలుబు గోళీ మీదికే పోతుంది. మర్నాడు విమలాదేవి పిలిచింది, కుదిపింది, నీళ్లు చల్లింది, చివరకు అల్లుడికి ఫోన్ చేసింది.

మధ్యాహ్నం తూలుతూ దుకాణం చేరేసరికి గద్దె మీద దీక్షిత్ ఉన్నాడు.

"లే అల్లుడూ. నేను ఇంట్ల పండుకున్న, గద్దె మీద కాదు. షరతు తప్పలే."

"నిజమే మామా. గని గద్దె ఖాళీగుంటే, గాజులకొచ్చిన ఆడోళ్లు చెయ్యి ఎవలికియ్యాలె?"

న్యాయమైన ప్రశ్న. రామలింగానికి ఆవులింత వచ్చింది. కొనేవాళ్ల స్టూలు మీద కూలబడి, గద్దెకు ఎదురుగా చెయ్యి చాపాడు.

"ఎర్రయి చూపియ్. రేటు జర చూసి చెప్పు, పాత గిరాకిని."