కొబ్బరి దుంగ దిగనన్న రోజు

కాకినాడ శివారులో మా వీధి వాననీరంతా మా వాకిట్లోని బోదె కాలువలోంచే ఉప్పుటేట్లో కలుస్తుంది. ఆ బోదె మీద వంతెనగా ఒక కొబ్బరి దుంగ. సైకిలు భుజానికెత్తుకుని నేను ఆ దుంగ మీద నడుస్తుంటే రేవులో ఓడలు సైతం ఆగి చూసేవని నా గట్టి నమ్మకం.

ఎదురింటాయన కారు కల్యాణమండపమంత ఉంటుంది. తిప్పుకునే చోటు లేక, పాపం, రోజూ వీధి మొదటిదాకా వెనక్కే నడుపుకుంటూ పోయేవాడు. నిరుడు వానలకు ముందు మా బోదె మీద ఆయన కన్ను పడింది.

"ఇంకా ఈ సైకిలేంటండీ మాస్టారూ! బోదె పూడ్చేద్దాం. కారు తిరుగుద్ది."

"మరి వాననీరు ఎటు తిరగాలండీ?"

"అడుగున గొట్టం వేయిస్తాను కదా!"

తెచ్చి చూపించాడు. కప్ప కూడా ఒళ్లు తగ్గితే గానీ దూరదు అందులో. ససేమిరా అన్నాను.

ఆదివారం పొద్దున్నే ట్రాక్టరు నిండా మట్టి వచ్చింది. తూర్పు కనుమలు సగం తవ్వుకొచ్చినట్టున్నారు. నేను సైకిలుతో సహా దుంగ మధ్యలో నిలబడ్డాను. దుంగ ఊగుతోంది, మీసం మాత్రం నిలబడే ఉంది.

"దిగండి బాబూ, నాకు ఇంకో ట్రిప్పుంది," అన్నాడు డ్రైవరు.

"దిగను."

ఇంతలో మా ఆవిడ కత్తిపీట, చేపల గిన్నె పట్టుకొచ్చి సరిగ్గా ట్రాక్టరు వెనకాల, బోదె గట్టున కూర్చుని పొలుసు తీయడం మొదలుపెట్టింది.

"పోయమనండి అన్నయ్యగారూ," అంది ఎదురింటాయనతో. "పులుసు మట్టివాసనొస్తే గిన్నెడూ మీ ఇంటికే పంపుతాను."

డ్రైవరు తల గోక్కుని, మట్టంతా ఎదురింటి గేటు ముందు గుమ్మరించి వెళ్లిపోయాడు. కారు లోపల, ఆయన బయట. పంతానికి వారమైనా ఆ మట్టి తీయించలేదు.

తర్వాత అల్పపీడనం పట్టుకుంది. ఆకాశానికి అడుగు ఊడిపోయిందన్నట్టు వాన. పైగా సముద్రం పోటు మీదుంది. గేటు ముందరి మట్టి కరిగి, జారి, నేరుగా మా బోదెలో పడి కూర్చుంది. నీళ్లు వెనక్కి తన్ని ఎదురింటి మెట్లెక్కసాగాయి.

ఆయన లుంగీ పైకి కట్టి, పార పట్టుకుని, నడుంలోతు బోదెలోకి దూకాడు. నేనూ ఇంకో పారతో దిగాను. కాసేపటికి నీరు గలగలా కదిలింది.

"చాలదండీ, ఇంకా లోతుగా తియ్యండి," అన్నాను.

"ఇంకేం తియ్యనండీ బాబూ, నడుం విరిగిపోతోంది!"

"ఆ మట్టి తమరిదే కదండీ."