దొరసాని వీపు మీద కుట్టు

రఫూ మాస్టారి చేతిలో పడ్డ చిరుగు మళ్లీ ఎవరి కంటా పడదు. నిప్పురవ్వ పడ్డ కోటు అయినా, ఎలుక కొరికిన శాలువా అయినా, ఆ గుడ్డ అంచులోంచే నాలుగు పోగులు లాగి, ఒడుపుగా అల్లి, తెచ్చినవాళ్ల చేతిలో పెట్టి "ఎక్కడుందో చూపించండి" అంటాడు. వాళ్లు వెలుతురుకి పట్టి, తిరగేసి మరగేసి, తల గోక్కుంటుంటే ముసిముసిగా నవ్వుకుంటాడు. ఆయనకు అంతకు మించిన సరదా లేదు.

ఆ సరదాకి తోడు ఒక తెల్లబాతు. ఎదురింటివాళ్లు ఇల్లు మారుతూ వదిలేసి వెళ్లారు. దాని నడకలో వయ్యారం చూసి మాస్టారి భార్య దొరసాని అని పేరు పెట్టింది. పొద్దస్తమానం మాస్టారి కాళ్ల దగ్గర గుడ్డపేలికల మీద కూర్చుని, ఎవరైనా బేరమాడితే చాలు, గయ్యిమని మీదికి లేచేది. పిల్లలు లేని ఆ ఇంట్లో పెత్తనమంతా దానిదే.

ఒక సాయంత్రం గేటు వేయడం మరిచారు. వీధికుక్క చొరబడింది. మాస్టారు చెక్క స్కేలు పట్టుకుని దాన్ని తరిమేసరికే దొరసాని వీపు మీద కోర లోతుగా దిగిపోయింది.

"డాక్టరమ్మ దగ్గరికి పోదామండీ" అంది భార్య.

"పొద్దున పోదాంలే. ముందు ఈ చిరుగు మూయాలి."

సన్నసూదిని మంటకి చూపించి పట్టుదారం ఎక్కించాడు. భార్య కళ్లు గట్టిగా మూసుకుని దొరసానిని పట్టుకుంది. పని అయ్యాక ఈకలు సర్ది, "ఎక్కడుందో చూపించు" అన్నాడు. ఆవిడ చూపించలేకపోయింది. అంత బాగా కుదిరాక ఇంక డాక్టరెందుకని పొద్దున ఇద్దరూ ఊరుకున్నారు.

ఆ తర్వాత దొరసాని తిండి మానేసింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. దాన్ని గుడ్డల బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టరమ్మ ఈకలు విడదీసి చూసింది. "ఎవరు కుట్టారు?"

"నేనేనమ్మా."

"కుట్టు భలే ఉంది మాస్టారూ. అదే కొంప ముంచింది. కుక్కకాటుని పైన మూసేస్తే లోపలి చీము ఎటు పోతుంది? అది తెరిచే ఉండాలి. అడుగునించి మానుకుంటూ పైకి రావాలి."

"బతుకుతుందా అమ్మా?"

"ఆలస్యం చేశారు. ఇప్పుడే చెప్పలేను."

కుట్లు తనే విప్పుతానన్నాడు మాస్టారు. ఒక్కో ముడీ తెంపి పోగు లాగాడు. ఆయన జన్మలో అంత చక్కగా కుట్టింది లేదు, కుట్టింది విప్పిందీ లేదు.

ఇంటికొచ్చాక సూదుల డబ్బా భార్య చేతిలో పెట్టాడు. "ఇది నాకు కనపడకుండా దాచెయ్."

ఇక గోరువెచ్చని ఉప్పునీళ్లతో గాయం కడగడం, మందు వేయడం, ఈగ వాలకుండా దోమతెర గుడ్డ కప్పడం, అంతే పని. కళ్లెదుట చిరుగు పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చోవడం ఆయన ఎరగడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

మధ్యాహ్నాలు గది నిండా వేలాడే కోట్ల సందుల్లోంచి ఎండ పల్చగా జారేది. ఒళ్లో దొరసాని ఊపిరి పైకీ కిందికీ కదులుతుంటే మాస్టారికీ కళ్లు మూతలు పడేవి. కలలో ఆయన నీళ్ల మీద కూర్చుని నీటికి పడ్డ చిరుగులు కుడుతుండేవాడు. సూది ఎక్కడ పెట్టబోయినా, అది తగలకముందే నీరు తనంతట తానే కలిసిపోయేది. ఖాళీ కోట్లన్నీ గట్టున నిలబడి చూస్తుండేవి. ఆ కలలో ఆయనకు భయం ఉండేది కాదు.

అలా ఒకసారి కల మధ్యలో ఎవరో చొక్కా లాగినట్టయింది. కళ్లు తెరిస్తే దొరసాని ఆయన బొత్తాన్ని ముక్కుతో పీకుతోంది. "ఏమే, దీనికి ఆకలేస్తోందే" అని గట్టిగా కేకేశాడు. భార్య తవుడు కలుపుకుని పరుగున వచ్చింది.

గాయం అడుగునించి మెల్లమెల్లగా పూడుకుంటూ వచ్చింది. చివరికి వంకరటింకరగా, ముడతలు పడి, ఈక మొలవని మచ్చ మిగిలింది. అలాంటి పని మాస్టారి చేతిలోంచి వచ్చుంటే గడప దాటనిచ్చేవాడు కాదు.

దొరసాని పెరట్లో తొట్టి నీళ్లలో ఈదుతుండగా, కోటు కోసం వచ్చినాయన తలుపులోంచి తొంగిచూసి నవ్వాడు. "ఏంటి మాస్టారూ, ఊరందరి చిరుగులూ మాయం చేస్తారు, మీ ఇంట్లోదాన్ని అలా వదిలేశారు?"

"ఈకలొస్తే కనపడదులెండి" అని సర్దిచెప్పబోయింది భార్య.

మాస్టారు తొట్టి దగ్గర కూలబడి, ఆ వంకర మచ్చని వేలితో నిమిరాడు.

"కనపడనీ" అన్నాడు.