రంగు కాయితాలు తెచ్చిన చిన్నక్క

ఆమె విమానం దిగి వచ్చిన వారం నాకు అన్నం సయించలేదు. జ్వరమేం కాదు, కుళ్ళు. దానికి ఇంకో మంచి పేరు పెట్టి చెప్పుకోవడం నాకు చేతకాదు.

కావలిలో యువజనులతో పనిచేసే చిన్న సంస్థ మాది. బోగోలు మండలంలో చర్చి పిల్లల గ్రూపుని కట్టింది నేను. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, ఆడపిల్లల్ని పంపమని తల్లుల్ని బతిమాలి, పాస్టరమ్మగారి చేత చెప్పించి కట్టినాను. విమానం దిగిన ఆమె ఆ తర్వాత మా సంస్థలో చేరింది, అరవదేశం పొలిమేరలో ఉండే తడ నుంచి వచ్చి. మాట మధ్యలో అరవ యాస దొర్లితే పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళకి నేను పెద్దక్కని, ఆమె చిన్నక్క. పిల్లలతో ఎట్టా మాట్లాడాలో, ఎవురింట్లో టీ తాగకుండా లేస్తే కోపగించుకుంటారో, అన్నీ నా వెనకాల తిరిగి నేర్చుకునిందే.

అట్టాంటిది, ఎక్కడో చలి దేశంలో నానా దేశాల యువజన కార్యకర్తలకి శిక్షణ అని పిలుపు వచ్చింది. ఇద్దరం దరఖాస్తు పెట్టినాం. ముప్పై దాటినవాళ్ళు వద్దన్నారంట. నాకు దాటి ఎక్కువ కాలం కూడా కాలా. ఆమె పోయింది. బొచ్చు టోపీ పెట్టుకుని, పక్కన ఏయే దేశాలవాళ్ళో నిలబడి ఉన్న ఫొటోలు పంపేది. ప్రతిదానికీ బాగుంది మే అని రాసినాను, పళ్ళు కొరుక్కుంటానే.

తిరిగొచ్చి అజైల్ అనింది. పని మొత్తానికీ ఒకేసారి ప్లాను గీసుకుని కూర్చోకుండా, చిన్న చిన్న భాగాలు చేసుకుని, ఒక్కో భాగం అయినాక ఏం తప్పిందో చూసుకుని, దిద్దుకుని ముందుకు పోవడమంట. ఆ భాగాన్ని స్ప్రింట్ అంటారంట. వెనక జిగురుండే రంగు కాయితాలు పెట్టె నిండా తెచ్చింది. జువ్వలదిన్నె పక్కన ఒడ్డు మీద పడేసిన పాత వలలు, ప్లాస్టిక్ ఏరే పని అప్పుడే మొదలవబోతా ఉంది. దాన్ని ఈ పద్ధతిలో చేయించమని మా సంస్థ పెద్దసారు ఆమెకి అప్పజెప్పినారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఇకమీదట గ్రూపుకి ఒక్కరే బాధ్యులు ఉండాలని, అది ఎవరనేది ఈ పని చూసి చెప్తానని అన్నారు. నేను కట్టిన గ్రూపులో నాకే పరీక్ష! ఒళ్ళు మండిపోయింది.

మొదటి రోజు చర్చి వరండాలో గోడకి ఆమె కాయితాలు అంటించింది. సున్నం గోడ, పైగా సముద్రపు గాలి. అన్నీ రాలి పడినాయి. నేను ఏరి ఇచ్చినాను, ఎంతో మంచిదాని మాదిరి. తర్వాత స్టాండప్ అనింది. పొద్దున పని మొదలుపెట్టేముందు గుండ్రంగా నిలబడి, నిన్నేం చేసినాం, ఇయ్యాళేం చేస్తాం, అడ్డం ఏముంది అని తలా ఒక మాట చెప్పాలంట. సరే, లేచి నిలబడండి అనింది. పిల్లలు లేచి, తలలు వంచి, కళ్ళు మూసుకున్నారు. మా వాళ్ళకి లేచి నిలబడమంటే ప్రార్థనకే గదా. ఆమె దిక్కులు చూస్తా ఉంటే నాకు కడుపు నిండా తిన్నంత హాయిగా అయింది.

ఆ హాయి ఎక్కువ రోజులు ఉండలా. పిల్లలకి పద్ధతి పట్టుబడింది. కాయితాలు గోడకి నిలవకపోతే ఎక్కడిదో పాత తలుపు చెక్క మోసుకొచ్చి చిన్న మేకులతో కొట్టినారు. ఎవురి పని వాళ్ళే ఎంచుకున్నారు. నేను చేయించిన ఏ పనీ అంత చురుగ్గా సాగలా. నేనూ నేర్చుకున్నాను, దాచేదేముంది. ఆమె చెప్పేది బాగుంది. అది బాగుండడమే నా కడుపుమంట. ఏ సందేహం వచ్చినా చిన్నక్కా చిన్నక్కా అని ఆమె చుట్టూ మూగుతా ఉంటే నాకు కళ్ళు కుట్టేవి. నేను దగ్గరికి పోతే మాట ఆపేసేవాళ్ళు. నన్ను లెక్కలోంచి తీసేసినారు అనుకున్నాను.

మొదటి స్ప్రింట్ అయినాక రెట్రో పెట్టింది. అంటే కూర్చుని ఏది బాగా జరిగింది, ఏది చెడింది అని మాట్లాడుకోవడం. సారు కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. ఒక పిల్లోడు లేచి, చర్చిలో దేవుడు చేసిన మేలు చెప్పుకున్నట్టు సాక్ష్యం చెప్పినాడు. దేవుని కృపను బట్టి అంతా బాగా జరిగిందని, బస్తాలు మోసే బలం ఇచ్చిన దేవునికి స్తోత్రమని. ఇంకో అమ్మాయి లేచింది. ఆమెదీ సాక్ష్యమే. వరసబెట్టి అందరివీ సాక్ష్యాలే. మొహమాటం వద్దు, తప్పులు చెప్తేనే గదా బాగుపడతాం అని చిన్నక్క మళ్ళీ మళ్ళీ అడిగింది. పెద్దవాళ్ళ ముందు నిలబడి ఇది బాగలేదు అనే పిల్లలు మా దగ్గర లేరు.

ఇదే సందు అనుకున్నాను. సారు చూస్తా ఉన్నారు గదా.

"మే, నువ్వు కూర్చో. వీళ్ళని అడిగే పద్ధతి అది కాదు," అన్నాను.

పిల్లల వైపు తిరిగి, ప్రార్థన అవసరతలు, అంటే దేని కోసం ప్రార్థన చెయ్యాలో, చెప్పమన్నాను. మా చర్చిలో కష్టం బయటపెట్టుకునే దోవ అదొక్కటే. మొగుడు తాగొచ్చి కొట్టినా, కోడలు అన్నం పెట్టకపోయినా, అవసరత అని లేచి చెప్తే అది చాడీ కిందికి రాదు.

కట్ట తెగినట్టు వచ్చినాయి. చేతి తొడుగులు చాలక గాజుపెంకులు గుచ్చుకుంటున్నాయంట, ప్రార్థన చెయ్యాలంట. బస్తాలు ఎత్తే ట్రాక్టరు టయానికి రావడం లేదంట. మధ్యాహ్నం ఎండకి ఆడపిల్లలు తాళలేకున్నారంట. చిన్నక్క గబగబా రంగు కాయితాల మీద రాసుకుంటా ఉంది. సారు తల ఊపుతా ఉన్నారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలా. గ్రూపు నాదే, ఇంక ఎవురూ తీసుకోలేరు అనుకున్నాను.

చివర్న, ఎప్పుడూ గొంతు లేవని ఒక అమ్మాయి లేచింది. చున్నీ తల మీదికి లాక్కుని, నేలకేసి చూస్తా చెప్పింది.

"పెద్దక్క కోసం ప్రార్థన చెయ్యండి. చిన్నక్క తిరిగొచ్చినకాడ్నుంచి పెద్దక్క మొహాన నవ్వు లేదు. చిన్నక్కతో మాట్లాడితే పెద్దక్క బాధపడతాదేమోనని భయంగా ఉంది. మాకు ఇద్దరక్కలూ కావాల."

చిన్నక్క రాయడం ఆపింది. సారు కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నారు.

అవసరతలు చెప్పమని అడిగినవాళ్ళే వాటన్నిటి కోసం ప్రార్థన చెయ్యాలి, మా దగ్గర పద్ధతి అది. ఒక్కటి కూడా వదలకూడదు. అందరూ లేచి కళ్ళు మూసుకున్నారు, చిన్నక్క కూడా. నేను మొదలుపెట్టినాను. తొడుగుల గురించి అడిగినాను. ట్రాక్టరు గురించి అడిగినాను. ఎండ గురించి చాలాసేపు అడిగినాను. ఇంక మాటలు దొరక్క ఆమెన్ అన్నాను.

ఒక్కరూ ఆమెన్ అనలా. ఒక్కరూ కళ్ళు తెరవలా. ఇంకొకటి మిగిలి ఉందని అందరికీ తెలుసు.