పడనన్న ప్రతినాయకుడు

ఒక ఊరి మొత్తాన్ని పొద్దు నడినెత్తికొచ్చేదాకా పస్తులుంచిన ఘనత ఎంతమందికి దక్కుతుందో నాకు తెలియదు. నాకు దక్కింది. అదీ ఒకే ఒక్క ఉపన్యాసంతో. మీరు ఏమైనా తిని కూర్చుని చదివితే మంచిది.

తొంభైల్లో సంగతి. తిరుపతిలో ఎం.ఏ. తెలుగు మొదటి ఏడాది ముగించి, కార్వేటినగరం దగ్గరున్న మా ఊరికి సెలవులకొచ్చాను. తలనిండా పాత్ర చిత్రణే. కావ్యాల్లో వాళ్ళు చాలక, కనబడ్డవాళ్ళందరికీ గుణాలు పంచుతున్నాను. పాలు పోసేవాడు ధీరశాంతుడు, మా నాయన ధీరోద్ధతుడు. ఆ మాటకు పొగరుబోతని అర్థమని నాయనకు తెలియకపోవడం నా అదృష్టం.

ఆయనకు ఈ చదువు మీద గురి లేదు. కథల్లో మనుషుల గుణాలు ఎంచేవాడికి కూడెవరు పెడతారని ఆయన సందేహం. రెండో ఏడాది మానిపించి మామిడితోటలో పెట్టాలని చూస్తున్నాడు. చివరికొక ఒప్పందానికి వచ్చాం. ఊరి నాటకం ఆఖరి రోజున నేను నాలుగు మాటలు మాట్లాడాలి. ఊరు మెచ్చుకుంటే తిరుపతి, లేకుంటే తోట.

మా వైపు ఎండాకాలంలో గుడి దగ్గర రోజుల తరబడి పురాణ కథ ఆడతారు. ఆఖరి రోజు పొద్దున దుర్మార్గపు రాజు చావాలి. ఆయన పేరు మీకు తెలిసిందే, నేను మాత్రం రాయను. నేలమీద ఆయనదే పెద్ద మట్టిబొమ్మ చేసి, తొడలో ఎర్రనీళ్ళ కుండ దాచిపెడతారు. వేషగాడు ఆ బొమ్మ మీద పడిపోవాలి, నాయకుడు గదతో తొడ పగలగొట్టాలి, ఆడవాళ్ళు చీపుర్లతో బొమ్మను బాదాలి. అంతవరకూ ఊళ్ళో పొయ్యి వెలగదు.

రాజు వేషం మా అమ్మ తమ్ముడు మునిరత్నం మామది. సైకిలు షాపు ఆయన వృత్తి, ఏటా తిట్లు తిని చక్కగా పడిపోవడం ఆయన కళ.

మైకు నా చేతికొచ్చింది. దుర్మార్గుణ్ణి తిట్టడం ఎవరైనా చేస్తారు, నేను ఎం.ఏ. కదా. ఆ రాజు స్నేహానికి ప్రాణమిచ్చేవాడన్నాను. అడిగినవాళ్ళకు లేదనలేదన్నాను. ఎవరికీ తలవంచలేదన్నాను. అసలు నాయకుడి లక్షణాలన్నీ ఆయనలోనే ఉన్నాయని తేల్చేశాను. చప్పట్లు మోగాయి. నాయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నాకు తిరుపతి బస్సు కళ్ళముందు కదిలింది. పక్కనే కిరీటం పెట్టుకున్న మామ నోరు తెరుచుకుని వింటున్న సంగతి నేను గమనించలేదు.

యుద్ధం మొదలైంది. నాయకుడి వేషంలో ఉన్న మా బడి డ్రిల్లు అయ్యవారు గద ఎత్తి, ఇక పడమని మామకు కనుసైగ చేశాడు. మామ పడలేదు. బొమ్మ చుట్టూ ఇంకో చుట్టు తిరిగి, నింపాదిగా వచ్చి మైకు అందుకున్నాడు.

“నేను పడను. ఇన్నేండ్లూ నన్ను సెడ్డోడని తిట్టినారు. నాలో ఇన్ని మంచి గుణాలు ఉండాయని మా అల్లుడు ఎం.ఏ. సదివి సెప్పినాడు. మంచోడు యాల పడాల?”

పెద్దమనుషులు బతిమాలారు. అయ్యవారు గద దించి, దానిమీదే కూర్చున్నాడు. ఎండ మాడ్చేస్తోంది, పిల్లలు ఆకలికి ఏడుపు లంకించుకున్నారు. మామ భార్య, మా అత్త, చీపురు పట్టుకొచ్చి, పడతావా లేక పుత్తూరికి పోయి విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకుంటావా అని అడిగింది. మామ గుణవంతుడు కదా, బెదరలేదు. దాంతో అత్త చీపురు మెల్లగా నావైపు తిరిగింది. ఊళ్ళో మిగతా చీపుర్లూ దానివెంటే తిరిగాయి.

నాయన నా చెవిదగ్గరికి వచ్చాడు. “వాణ్ణి నిలబెట్టినోడివి నువ్వే. నువ్వే పడగొట్టు.”

నాకొచ్చిన విద్య ఒక్కటే. మళ్ళీ మైకు పట్టుకున్నాను.

“మామా, ఒక గుణం మర్సిపోయినాను. అన్నిటికంటే పెద్దది అదే. ఆ రాజు యుద్ధంలో ఎనక్కి తిరగలేదు. రాజు మాదిరే పడినాడు. పడకుంటే నువ్వు రాజువి కాదు, సైకిలు షాపు మునిరత్నానివే.”

మామ కిరీటం సర్దుకున్నాడు. తర్వాత పద్యం ఎత్తుకున్నాడు, రాగం తీశాడు, శత్రువులను పేరు పేరునా క్షమించాడు, అత్తను కూడా క్షమించాడు. అప్పుడు పడ్డాడు, అంత గొప్పగా ఏ ఏడూ పడలేదు. ఎర్రనీళ్ళు చిమ్మాయి, చీపుర్లు లేచాయి. బొమ్మకు దక్కినవి నాలుగే. మిగిలినవి ఎవరికి దక్కాయని అడగొద్దు. నేను ఒక్క పరుగున మామిడితోట చేరి చెట్టెక్కాను.

సాయంత్రం నాయన తోటకొచ్చి చెట్టుకింద నిలబడ్డాడు. ఇక ఈ తోటే నాకు గతి అనుకుని, రేపటినుంచి పనిలోకి వస్తానని పైనుంచే ఒప్పుకున్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

“దిగు. తిరుపతికే పోయి సదువుకో. నువ్వు ఈడుంటే కాయలకు గూడా గుణాలు సెప్తావు. మేం రాలం అంటాయి.”

ఇప్పటికీ ఆ రాజు పేరెత్తితే మా అత్త చెయ్యి చీపురుకోసం తడుముకుంటుంది. అందుకే రాయలేదు. ఆ మామిడిచెట్టు సాక్షిగా ఆనాడే ప్రతిజ్ఞ చేశాను, ఏ దుర్మార్గుడి సుగుణాలనూ జన్మలో పొగడను. తప్పనిసరై పొగడాల్సి వస్తే, ఊరంతా అన్నాలు తిన్నాకే మైకు ముట్టుకుంటాను.