అందరం చేయి చాపిన రోజు

పోయిన వారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఆళ్లగడ్డలో నాకు రాయి చెక్కడం నేర్పిన గురువు నిద్రలోనే గుండె ఆగి పోయారు. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఉలి పడతాను, మళ్లీ కింద పెట్టి లేస్తాను.

ఆయనా కుదురుగా కూర్చునే మనిషి కాదు. మేం చెక్కుతుంటే వెనకాల తిరుగుతూ, "తొందర నీకుంది, రాయికి లేదు" అనేవారు.

కొన్నేళ్ల కింద, బరువులెత్తీ ఎత్తీ ఆయనకు హెర్నియా వచ్చింది. ఆపరేషన్‌కని నంద్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాను. ముందు చేసే రక్తపరీక్షలో హెపటైటిస్ బి ఉందని తేలింది. చప్పుడు లేకుండా కాలేయాన్ని పాడుచేసే వైరస్ అది. "ఈడ చేయం, వేరే యాడికన్నా పోండి" అన్నారు ఆస్పత్రివాళ్లు. ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. "నొప్పి లేదు, కామెర్లు లేవు. ఎప్పుడు చేరిందప్పా ఇది?" అని నన్నడిగారు.

ఇంకో ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ జాగ్రత్తలు తీసుకుని ఆపరేషన్ చేశారు. "పరీక్ష చేసేది మిమ్మల్ని వెనక్కి పంపనీకి కాదు. మీకు మందియ్యనీకి, మేం జాగ్రత్త పడనీకి" అన్నారామె. కలిసి తింటే అంటదనీ, రక్తంతో అంటుతుందనీ చెప్పారు.

ఆయన మేం రాళ్లు చెక్కే షెడ్డుకు తిరిగొచ్చేసరికే వార్త చేరిపోయింది. అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ, ఆయనకు కాగితం కప్పు.

"నాకొక్కనికే ఇదేందప్పా? నేనేమన్నా చుట్టమా?" అన్నారు. ఆ కప్పు పక్కన పెట్టారు. "టీతో రాదంట. నెత్తురుతో వస్తాదంట. చేయి తెగినప్పుడల్లా అందరం ఆ ఒక్క గుడ్డే చుట్టుకుంటాండాం కదా. రేపు అందరం నంద్యాలకు పోతాండాం."

పోయాం. రక్తపరీక్షకు వరసగా చేతులు చాపాం. నాకూ ఉందని తేలింది.

ఆ సాయంత్రం ఇంటికి పోలేక బస్టాండులో తిరుగుతుంటే గురువు వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఇంట్లో ఏం చెప్పాలయ్యా?" అన్నాను.

"ఉండేది చెప్పు. నేనూ వస్తా, పా."

మా ఆవిడకు ఆయనే అంతా చెప్పి, మా ఇంట్లోనే అన్నం తిన్నారు. పరీక్ష చేయిస్తే ఆమెకు లేదని తేలింది, టీకాలు వేయించాం. నేను ఇప్పటికీ రోజూ మాత్ర వేసుకుంటున్నాను. కాలేయం బాగుంది.

నిన్న మామూలు పరీక్షకు నంద్యాల ఆస్పత్రికి వెళ్లాను. ఒకాయన గోడవారగా నిలబడి ఉన్నాడు. "ఆపరేషన్‌కు వస్తే హెపటైటిస్ ఉందంటాండారు" అన్నాడు, నా వైపు చూడకుండా.

బెంచీ మీద జరిగి చోటిచ్చాను. "నాకూ ఉందన్నా. కూర్చో."

కూర్చున్నాడు. అతని కాలు మాత్రం ఆగకుండా ఊగుతూనే ఉంది.